నల్లరేగడిలో దిగబడ్డ కారుకి ఏది పనికొచ్చింది, ఏది రాలేదు: రోడ్‌సైడ్ అసిస్టెన్సు, బురద పలకలు, టోయింగ్ బెల్టు

ఆన్‌లైన్‌లో ఆరెంజ్ రంగు ప్లాస్టిక్ పలకలు రెండు, జతగా అమ్ముతుంటారు చూశారా, బురదలో చక్రం కింద పెడితే కారు పైకొచ్చేస్తుందని బొమ్మ కూడా వేస్తారు, వాటి గురించి ఈ రివ్యూ. కొనే ముందు నేను వాటి కింద రివ్యూలన్నీ చదివాను. "ప్యాకింగ్ బాగుంది" అని ఒకరు, "కలర్ సూపర్" అని ఒకరు. ఒకాయనైతే ఐదు స్టార్లిచ్చి "ఇంకా వాడలేదు" అని రాశాడు. బురదలో పెట్టి చూసినవాడు ఒక్కడూ కనపడలేదు. నేను పెట్టి చూశాను, అదీ నల్లరేగడిలో. బ్రాండు పేరు రాయను, ఎందుకంటే ఇవన్నీ ఒకే మూసలో పోసినట్టే ఉంటాయి, పైన స్టిక్కరే తేడా. పనిలో పనిగా ఇన్సూరెన్సుతో పాటు అంటగట్టే రోడ్‌సైడ్ అసిస్టెన్సు సంగతి, టోయింగ్ బెల్టు సంగతి కూడా చెప్తాను, ఈ పలకలు కొనడానికి అసలు కారణం ఆ అసిస్టెన్సే కాబట్టి.

మాది పర్చూరు దగ్గర ఒక ఊరు, ఇప్పుడు బాపట్ల జిల్లా. నేనుండేది హైదరాబాదులో. ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్తుంటాను, బాబాయి చేస్తున్న పొలంలో మా వాటా కొంత ఉంది. ఊరిదాకా తారు రోడ్డు బాగానే ఉంటుంది, అక్కణ్ణించి పొలానికి కిలోమీటరున్నర డొంక. గోదావరి వాళ్ళు పుంత అంటారు, తెలంగాణలో బండ్లబాట అంటారు, అదే. మొదట్లో ఓ మూడొందల మీటర్లు గ్రావెల్ తోలారు, తర్వాత ఉత్త రేగడి. వేసవిలో ఆ డొంక మీద అరవై స్పీడులో వెళ్ళొచ్చు, సిమెంటు రోడ్డుకంటే నయం. వాన పడ్డాక దాని వేషమే వేరు. రేగడిలో ఉండే బంకమన్ను నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి కాలు దూరేంత నెర్రెలిస్తుంది. తడి మీద చక్రానికి అంటుకుందంటే టైరు గాళ్ళన్నీ నిండిపోయి టైరు బోడిగుండైపోతుంది. ఇసుకలో దిగబడితే కనీసం చక్రం మన్నుని తోసుకుంటుంది. రేగడిలో తోసుకోవడం ఉండదు, నున్నగా తిరుగుతుంది, తిరిగినకొద్దీ ఇంకో అంగుళం లోపలికి పోతుంది.

మొదటిసారి 2023 డిసెంబరులో. మిచౌంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గరే తీరం దాటింది, శనగ మొత్తం నీళ్ళలో ఉందని, మళ్ళీ విత్తాలో ఏమిటో తేలట్లేదని బాబాయి ఫోను చేస్తే పది రోజులాగి వెళ్ళాను. కారు 2019 స్విఫ్టు. గ్రౌండ్ క్లియరెన్సు 163 మిల్లీమీటర్లు, అంటే జానెడు కూడా కాదు. ట్రాక్టరు చక్రాలు తీసిన గాళ్ళు దానికంటే లోతు. డొంకలో పాడుబడ్డ పొగాకు బ్యారన్, అంటే పొగాకు ఆకుని వేడిమీద ఆరబెట్టే కొట్టం, ఒకటి ఉంటుంది, సరిగ్గా దాని పక్కన ముందు చక్రాలు రెండూ దిగిపోయాయి. నేను చేసిన మొదటి పని అందరూ చేసేదే, ఫస్ట్ గేర్ వేసి యాక్సిలరేటర్ తొక్కడం. తర్వాత రివర్స్ వేసి తొక్కడం. ఒక ఐదు నిమిషాలకి క్లచ్ వాసన ముక్కు పగలగొట్టింది, కారు పొట్ట నేలకి ఆనింది.

అప్పుడు అసిస్టెన్సు గుర్తొచ్చింది. పాలసీలో ఏటా నాలుగు వందల చిల్లర ఎక్స్‌ట్రా కట్టించుకుంటారు, "భారతదేశంలో ఎక్కడైనా, 24 గంటలూ" అని ఉంటుంది. ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడారు, అది కాదనను. లొకేషన్ పంపించాను. ఐదు నిమిషాల తర్వాత ఇంకో అమ్మాయి ఫోన్ చేసి ల్యాండ్‌మార్క్ చెప్పండి సార్ అంది. పొగాకు బ్యారన్ అన్నాను. బ్యారన్ అంటే ఏంటి సార్ అంది. పొగాకు కాల్చే కొట్టం అని చెప్తే, సార్ మీరు ఫైర్ యాక్సిడెంట్ రిపోర్ట్ చేస్తున్నారా అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు, టెన్షన్‌లో ఉన్నా కదా.

గంటా ముప్పావుకి టోయింగ్ వ్యాన్ వచ్చింది. వచ్చింది అంటే తారు రోడ్డు మీదికి వచ్చింది. డ్రైవరు వ్యాన్ అక్కడే ఆపి, చెప్పులు చేతబట్టుకుని నడిచొచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, "నా బండి ఇందులోకి దింపితే నన్నెవరు లాగుతారు సార్" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయన అన్నది న్యాయమే. తప్పు కాయితంలో ఉంది. ఇంటికొచ్చాక చదివాను, టోయింగ్ వాహనం చేరగలిగిన రోడ్డు మీదున్న బండికే సర్వీసు, గోతిలోంచీ బురదలోంచీ బయటికి తీయడం దీని కిందికి రాదు, అది విడిగా డబ్బులిచ్చి చేయించుకోవాలి, అదీ వాళ్ళకి కుదిరితే. పన్నెండో పేజీలో ఉంది ఆ ముక్క. "ఎక్కడైనా" అన్నది మాత్రం మొదటి పేజీలో పెద్దక్షరాల్లో ఉంది. ఇంకా మండిన విషయం, ఏడాదికి నాలుగు సర్వీసులు ఇస్తారు కదా, వ్యాన్ వచ్చి ఉత్త చేతులతో వెళ్ళినదాన్ని కూడా ఒక సర్వీసుగా లెక్కేశారు. యాప్‌లో "విజయవంతంగా పూర్తయింది" అని చూపించింది. కారు ఇంకా బురదలోనే ఉంది అప్పటికి.

అన్యాయంగా మాట్లాడకూడదు, ఇదే అసిస్టెన్సు వాళ్ళు ఒకసారి హైవే మీద బ్యాటరీ చచ్చిపోతే ముప్పావుగంటలో వచ్చి జంప్ స్టార్ట్ ఇచ్చి వెళ్ళారు. హైవేకి మంచిదే. నేషనల్ హైవే మీదైతే ఎలాగూ 1033కి ఫోన్ చేయొచ్చు, అది హైవే అథారిటీ వాళ్ళ నంబరు, పాలసీతో పని లేదు. కానీ ఊళ్ళకి, పొలాలకి తిరిగేవాళ్ళు దీన్ని నమ్ముకుని డొంకలో దిగొద్దు. నా వరకూ రెండు స్టార్లు, ఆ రెండూ కూడా నడిచొచ్చిన డ్రైవరుకి.

ఆ రోజు కారు తీసింది ట్రాక్టరే. బాబాయి ఎవరికో ఫోన్ చేస్తే అరగంటలో ఒక పెద్దాయన వచ్చాడు. నేను స్టీరింగ్ ముందు కూచుని రెడీగా ఉంటే, "అబ్బాయ్, నువ్వు యాక్సిలేటర్ తొక్కమాక, న్యూట్రల్లో పెట్టి స్టీరింగు తిన్నగా పట్టుకో, సాలు" అన్నాడు. ముందుకి లాగుతాడేమో అనుకున్నా, కాదు, వెనక్కి లాగాడు. వచ్చిన దారి అయితే కనీసం ఎంత లోతుందో తెలుసు కదా అన్నాడు. మొదట నైలాన్ తాడు కట్టారు, ఒక్క గుంజుకి తెగి పామల్లే ఎగిరి బ్యారన్ గోడకి తగిలింది. ఎవరూ ఆ వైపు లేరు కాబట్టి సరిపోయింది. తర్వాత ట్రాలీ గొలుసు తెచ్చారు. వెయ్యి రూపాయలు తీసుకున్నాడు, నాకు రెండు వేలివ్వాలనిపించింది గానీ వెయ్యే అడిగాడు. క్లచ్ ప్లేటు మాత్రం నాలుగు నెలల తర్వాత పోయింది, తొమ్మిది వేల చిల్లర. ఆ ఐదు నిమిషాల తొక్కుడు ఖరీదు అది.

అప్పుడు కొన్నాను ఈ సామానంతా. పలకల జత 3,400, టోయింగ్ బెల్టు 900, సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే గాలి పంపు 2,200, మడత పార 650. మా ఆవిడ డిక్కీ చూసి, మనం పర్చూరు వెళ్తున్నామా లడఖ్ వెళ్తున్నామా అంది. రెండేళ్ళు డిక్కీలో తిరిగాయి, పిల్లల సూట్‌కేసులకి అడ్డం తప్ప ఇంకెందుకూ పనికి రాలేదు.

పోయినేడు, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. వారం ఆగి వెళ్ళాను. ఈసారి జాగ్రత్తగానే ఉన్నాను, గ్రావెల్ అయిపోయినచోట దిగి నడిచి చూశాను కూడా. పైన ఎండి పొర కట్టింది, చెప్పుతో తొక్కితే గట్టిగానే ఉంది. మనిషి తొక్కితే గట్టిగా ఉన్నది 900 కిలోల కారుకి గట్టిగా ఉండదని అప్పటికి తట్టలేదు. పొర పగిలింది, కింద అంతా పెసరపిండి. అదే బ్యారన్, ఇంకో ఇరవై గజాలు ఇవతల. సాగర్ కాలవ చివరి భూములు మావి, కావల్సినప్పుడు నీళ్ళు రావు, ఇలాంటప్పుడు మాత్రం ఎక్కడెక్కడి నీళ్ళూ వచ్చి మా డొంకలోనే కూచుంటాయి.

సరే, పలకలు. మొదటి ప్రయత్నం చెప్తాను, ఎందుకంటే కొన్నవాళ్ళలో సగంమంది ఇక్కడే "వేస్ట్ ప్రోడక్ట్" అని రాస్తారు. రెండు పలకలూ ముందు చక్రాలకి ఎదురుగా నేల మీద పెట్టి, కాలితో కొంచెం లోపలికి తోసి, కారెక్కి ఫస్ట్ గేర్ వేశాను. చక్రం సర్రున తిరిగింది, ఎడమ పలక చక్రం కిందనుంచి జారి వెనక్కి వెళ్ళి కారు పొట్ట కింద ఇరుక్కుంది, కుడిది బురదలో మునిగి కనపడకుండా పోయింది. మోచేయిదాకా చెయ్యి పెట్టి వెతికితే దొరికింది. చూస్తే దాని పళ్ళు నాలుగైదు కరిగి నున్నగా అయిపోయాయి. ప్లాస్టిక్ కదా, తిరిగే టైరు రాపిడి వేడికి కరిగిపోతుంది. పలక మీద చక్రం తిరక్కూడదు, ఎక్కాలి. తిరిగిందంటే పలక పోయినట్టే.

బాబాయి గట్టు మీద కూచుని చూస్తున్నాడు. "ఒరేయ్, పొట్ట ఆనుకుని ఉంటే చక్రం కింద వెండి పళ్ళెం పెట్టినా ఎక్కదురా" అన్నాడు. అదీ అసలు విషయం. కారు బరువు చక్రాల మీద లేదు, మట్టి మీద ఉంది. చక్రానికి బరువే లేనప్పుడు పట్టు ఎక్కణ్ణించి వస్తుంది?

రెండో ప్రయత్నానికి గంట పట్టింది. అందులో యాభై నిమిషాలు తవ్వకమే. మడత పార రెండో తడవకే మెడ దగ్గర వంగింది, దాని గురించి ఇంక మాట్లాడను, బాబాయి పొలంలోంచి అసలు పార తెచ్చాడు. కారు కింద మధ్యలో పేరుకున్న మట్టి లాగేశాం. జాకీ పెడితే జాకీయే భూమిలోకి పోతోంది, కారు లేవట్లేదు. బాబాయి బండి మీద ఇంటికెళ్ళి పిన్ని వంటింట్లోంచి చెక్క పీట పట్టుకొచ్చాడు, పాతకాలం టేకు పీట. దాన్ని జాకీ కింద వేస్తే అప్పుడు లేచింది. ఒక చక్రం లేపడం, దాని కింద మట్టి నింపి పలక చొప్పించడం, దించడం, మళ్ళీ రెండోది. పలకని చదునుగా కాదు, ముందువైపు పైకి, చక్రం వైపు కిందికి, వాలుగా పెట్టాలి, చక్రం ముందున్న మట్టిని అలా చెక్కాలి. మడ్‌గార్డు లోపల సిమెంటులా బిగిసిన రేగడిని కొడవలితో గీకాను, అది ఉంటే చక్రం సరిగా తిరగదు కూడా.

తర్వాత గాలి తీశాను. మామూలుగా 33 పీఎస్‌ఐ పెట్టుకుంటాను, ముందు టైర్లు రెంటిలో 18కి దించాను. గాలి తగ్గితే టైరు నేలకి ఎక్కువ ఆనుతుంది, పలక పళ్ళని కావలించుకున్నట్టు పట్టుకుంటుంది. ఇంకా తగ్గిస్తే టైరు రిమ్ మీదనుంచి ఊడే ప్రమాదం ఉంది, కాబట్టి అత్యాశ వద్దు. సెకండ్ గేర్‌లో, యాక్సిలరేటర్ దాదాపు తొక్కకుండా, క్లచ్ నెమ్మదిగా వదిలాను. టక టక టక అని పళ్ళ మీద టైరు ఎక్కుతున్న చప్పుడు వినపడింది చూడండి, ఆ చప్పుడుకి 3,400 ఇవ్వొచ్చు. కారు లేచి పలకలు దాటి ఒక గజం ముందుకెళ్ళి ఆగింది. ఆపాను అనాలి, మళ్ళీ దిగబడకముందే. పలకలు తీసి, కడిగి, మళ్ళీ ముందు పెట్టి, మళ్ళీ ఎక్కించి, ఇలా ఆరుసార్లు చేస్తే పక్కన గడ్డి ఉన్న గట్టి నేల మీదికి వచ్చాం. మీరు కొత్త కార్లో ఉంటే, ఈఎస్‌పీ బటన్ ఉంటుంది, అలాంటప్పుడు ఆఫ్ చేయండి, లేకపోతే చక్రం కొంచెం తిరగ్గానే అది పవర్ కోసేస్తుంది. నా బండికి ఆ గొడవ లేదు.

ఇక్కడ లెక్క అర్థమైందా? ఒక్కో పలక మీటరు పొడవు. గొయ్యి పది మీటర్లయితే పలకలతో బయటపడొచ్చు. బురద వంద మీటర్లుంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా పలకలు మోస్తూ కూర్చోవాలి, దానికంటే ట్రాక్టరుకి వెయ్యి ఇవ్వడం మేలు. ఇంకో విషయం, స్విఫ్టు లాంటివి ముందు చక్రాలతో నడిచే బండ్లు, పలకలు ముందు చక్రాలకే పెట్టాలి. వెనక్కి రావాలంటే ముందు చక్రాల వెనక పెట్టాలి, అంటే కారు కిందికి దూరాలి, అది రేగడిలో అయ్యే పని కాదు. పలకల కన్నాలకి తాడు కట్టుకోండి, మునిగినా లాక్కోవచ్చు. వరిగడ్డి, గోనె సంచులు, పత్తి కట్టె వేస్తే సరిపోదా అంటే, చిన్న గుంటలో సరిపోతుంది, పత్తి కట్టె మొదళ్ళు మాత్రం టైరు పక్కగోడని పొడుస్తాయి, మా ఊళ్ళో ఒక ఆటోకి అలాగే అయింది. పలకలకి మూడున్నర స్టార్లు. పళ్ళు ఇనుపవో, కనీసం ఇంకొంచెం గట్టివో పెట్టి ఉంటే నాలుగిచ్చేవాణ్ణి.

గాలి పంపుకి ఐదుకి ఐదు. ఇంజను ఆన్‌లో పెట్టి రెండు టైర్లూ 18 నుంచి 33కి నింపడానికి పావుగంట పట్టింది, ఒళ్ళు కాలేంత వేడెక్కింది, మధ్యలో కాసేపు ఆపాను, అంతే. బురద సంగతి వదిలేయండి, మామూలు పంక్చరుకైనా డిక్కీలో ఇది ఉండాలి.

బెల్టు నాకు వాడలేదు గానీ, అదే రోజు సాయంత్రం పాల వ్యాన్ ఒకటి మా కళ్ళ ముందే దిగబడితే ట్రాక్టరు వాళ్ళకి ఇచ్చాను. ప్యాకెట్ మీద 8 టన్నులు అని ఉంది. బెల్టు బట్టకి ఏమీ కాలేదు, దాని చివర ఇనుప కొక్కేలున్నాయి చూడండి, అందులో ఒకటి నోరు తెరుచుకుంది. బెల్టు 8 టన్నులదైతే కొక్కెం కూడా అంతే మొయ్యాలి కదా? అది ఊడి ఎగిరితే తుపాకీ గుండే, నైలాన్ తాడే ఎలా ఎగిరిందో చూశాను కదా. అందుకని ఆ కొక్కేలు కోసి పారేసి, గుంటూరులో హార్డ్‌వేర్ షాపులో రెండు డి-షాకిళ్ళు, అంటే పిన్నుతో మూసుకునే ఇనుప కడియాలు, కొని తగిలించాను. లాగేటప్పుడు బెల్టు మధ్యలో తడి గోనె సంచో దుప్పటో వేయమని, బెల్టుకి తిన్నగా ఎవరూ నిలబడొద్దని చెప్పండి, జనం వినరు, అయినా చెప్పండి. ఇంకోటి, మీ బండి టో హుక్ ఎక్కడుందో ఇంటి దగ్గరే చూసుకోండి. చాలా కార్లలో జాకీ పక్కన విడిగా ఉంటుంది, బంపరులో చిన్న మూత తీసి తిప్పి బిగించాలి. బురదలో, చీకట్లో, చేతినిండా రేగడితో ఆ మూత ఊడదీయడం నరకం. బెల్టుకి మూడు, కొక్కేలకి సున్నా.

తిరుగు ప్రయాణంలో చిలకలూరిపేట దాటి హైవే ఎక్కి ఎనభై దాటగానే స్టీరింగు గజగజ ఊగింది. అలైన్‌మెంట్ పోయింది, సస్పెన్షన్ పోయింది, మళ్ళీ పది వేలు అనుకుని చెమటలు పట్టాయి. దారిలో ఒక వాటర్ సర్వీసు షెడ్డులో ఆపితే కుర్రాడు చక్రం లోపలికి చూసి నవ్వాడు. రిమ్ లోపలి వైపు రేగడి ఒకపక్కనే ఎండి గడ్డ కట్టింది, బరువు తేడా వచ్చి చక్రం ఊగుతోంది. నాలుగు చక్రాలూ, కింద భాగం కడగడానికి 500 తీసుకున్నాడు, స్టీరింగు మళ్ళీ మామూలైంది. పలకలు కూడా కడగమని ఇచ్చాను, వాటి పళ్ళ మధ్య మట్టి ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పిన్ని పీట జాకీ కింద నిలువునా చీలింది. ఆవిడ అత్తగారిచ్చిన పీటట అది, మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు కూడా దాని మాటే ఎత్తింది. కొత్త టేకు పీట చేయిస్తే 1,800 అయింది, పైన చెప్పిన కిట్ ఖర్చులో అది కలపలేదు.